చేతిలోని జీపీఎస్‌పై కేసులు.. ఆకాశంలోని సంకేతానికి కాపలా ఏది?

ఢిల్లీలో యమున దాటి తూర్పు వైపు వస్తే మయూర్ విహార్. నోయిడాను ఆనుకుని ఉన్న ఈ ప్రాంతంలో క్యాబ్ ఎక్కేవారికి ఒక అనుభవం మామూలే. కారు ఫ్లైఓవర్ మీద వెళ్తుంటే ఫోన్‌లోని మ్యాప్ మాత్రం కింద రోడ్డు మీద ఉన్నారనుకుని యూ టర్న్ తీసుకోమంటుంది. డ్రైవర్ పట్టించుకోడు. రోడ్డు కళ్ల ముందే కనిపిస్తోంది కాబట్టి మ్యాప్ తప్పని అతనికి తెలుసు.

2025 నవంబరు మొదటి వారంలో, ఇక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని ఇందిరాగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో దిగడానికి వస్తున్న కొన్ని విమానాల పైలట్లకు అంత సులువు లేకపోయింది. కాక్‌పిట్‌లోని తెర విమానం ఉన్న చోటును తప్పుగా చూపించింది. ఢిల్లీ చుట్టూ 60 నాటికల్ మైళ్ల పరిధిలో, అంటే దాదాపు 111 కిలోమీటర్ల మేర ఇలాంటి ఫిర్యాదులు వచ్చాయని అప్పట్లో వార్తలొచ్చాయి. డిసెంబరు 1న పార్లమెంటుకు ఇచ్చిన సమాధానంలో పౌర విమానయాన శాఖ మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు దీన్ని ధ్రువీకరించారు. జీపీఎస్ ఆధారంగా రన్‌వే 10 మీదికి దిగుతున్న కొన్ని విమానాలకు నకిలీ సంకేతాలు అందాయని, ప్రత్యామ్నాయ పద్ధతులతో వాటిని దించామని, నేల మీది సంప్రదాయ పరికరాల సాయంతో మిగతా రన్‌వేలపై దిగిన విమానాలకు ఇబ్బంది రాలేదని చెప్పారు. కోల్‌కతా, అమృత్‌సర్, ముంబయి, బెంగళూరు, చెన్నైతో పాటు మన హైదరాబాద్ నుంచి కూడా ఇలాంటి ఫిర్యాదులు వచ్చినట్లు అదే సమాధానంలో ఉంది.

ఇక్కడ ఒక గందరగోళాన్ని తొలగించుకోవాలి. అదే వారం, నవంబరు 6, 7 తేదీల్లో ఢిల్లీలో వందల విమానాలు ఆలస్యమయ్యాయి. దానికి కారణం ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో విమానాల ప్రయాణ ప్రణాళికలను చేరవేసే సందేశ వ్యవస్థ మొరాయించడం. సోషల్ మీడియాలో చాలామంది రెండింటినీ కలిపేశారు. ఆ వ్యవస్థను బాగు చేశారు, ఆ కథ అక్కడితో ముగిసింది. నకిలీ సంకేతాల కథ అలా ముగిసేది కాదు.

ఆ ఏడాది జనవరిలో అదే విమానాశ్రయంలో మరో ఘటన జరిగింది. రిషికేశ్ వెళ్లబోతున్న ఒక స్కాట్లాండ్ పర్వతారోహకురాలిని భద్రతా సిబ్బంది ఆపేశారు. కారణం ఆమె బ్యాగులోని గార్మిన్ ఇన్‌రీచ్. అరచేతిలో ఇమిడే ఈ పరికరంతో కొండల్లో దారి చూసుకోవచ్చు, ఆపద వస్తే ఉపగ్రహం ద్వారా సందేశం పంపవచ్చు. ఆమె దాన్ని దాచలేదు, తనిఖీ ట్రేలో తానే బయటపెట్టింది. పోలీసులు, కేసు, కోర్టు.. యాత్ర కాస్తా అలా మారింది.

ఒకే విమానాశ్రయం, ఒకే ఏడాది. చేతిలోని పరికరం విషయంలో రాజ్యం ఎంత కఠినంగా ఉందో, ఆ పరికరానికి ప్రాణమైన సంకేతం విషయంలో ఎంత నిస్సహాయంగా ఉందో ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

వినడం కూడా నేరమేనా?

ఈ కేసులన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటాయి. పెట్టే సెక్షన్లు రెండు: 1885 నాటి ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టంలోని 20, 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టంలోని 6. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడం రెండో చట్టం ప్రకారం నేరం. 'వైర్‌లెస్ సమాచారం' అంటే పంపడం మాత్రమే కాదు, అందుకోవడం కూడా అని ఆ చట్టం నిర్వచించింది. పాత తరం పాఠకులకు రేడియో లైసెన్సు గుర్తుండే ఉంటుంది. ఆకాశవాణి వార్తలు వినడానికి ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి, పుస్తకంలో స్టాంపు వేయించుకునేవారు. దాని మూలాలు ఈ కాలపు చట్టాల్లోనే ఉన్నాయి.

నిజానికి ఇక్కడ రెండు రకాల పరికరాలున్నాయి. మొదటిది కేవలం రిసీవర్. ఆకాశం నుంచి వచ్చే సంకేతాన్ని విని, తానెక్కడున్నదీ లెక్క కట్టుకుంటుంది. ఉపగ్రహానికి తిరిగి ఏమీ చెప్పదు. ఈ పని చేసే చిప్ ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ ఉంది. రెండోది ఉపగ్రహ ఫోన్, లేదా ఇన్‌రీచ్ లాంటి సందేశ పరికరం. ఇది ఉపగ్రహానికి మాటనో సందేశాన్నో పంపుతుంది. మొబైల్ టవర్లతో సంబంధం లేదు కాబట్టి పోలీసుల నిఘాకు అందదు. తురాయా, ఇరిడియం ఫోన్లను భారత్ అనుమతించకపోవడానికి కారణం ఇదే. బీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా అందే ఇన్‌మార్‌శాట్ సేవకే ఇక్కడ అనుమతి, అదీ షరతులతో.

రెండో రకంపై ఆంక్షను అర్థం చేసుకోవచ్చు. అయితే తనిఖీ ద్వారం దగ్గర ఈ తేడా చెరిగిపోతోంది. 2024 డిసెంబరులో గోవాలోని మోపా విమానాశ్రయంలో చెక్ దేశస్థుడొకరు గార్మిన్ ఎడ్జ్ 540తో పట్టుబడ్డారు. అది సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకునే జీపీఎస్ మీటరు. ఉపగ్రహానికి ఒక్క అక్షరం కూడా పంపలేదు. ఆయన మీదా అవే సెక్షన్లు. అదే కంపెనీ జీపీఎస్ వాచీలు మన మాల్స్‌లో బహిరంగంగా అమ్ముతారు. వాటిని కట్టుకుని జనం మారథాన్‌లు పరుగెత్తుతారు. ఎక్స్‌రే తెర మీద ఏది వినే పరికరమో, ఏది మాట్లాడే పరికరమో తేల్చాల్సింది డ్యూటీలో ఉన్న భద్రతా సిబ్బంది. ఆ తేడాను స్పష్టంగా రాసి వారి చేతికి ఇవ్వాల్సింది ప్రభుత్వం.

2023లో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. దానిలోని కొన్ని సెక్షన్లు 2024 జూన్ 26 నుంచి అమల్లోకి వచ్చాయి. అయినా 2024 డిసెంబరు నాటి కేసుల్లో కనిపిస్తున్నవి తంతి కాలపు చట్టాలే. తంతి సేవను 2013లోనే ఆపేశాం.

కుబేర్ పడవ నీడ

భద్రతా సంస్థల భయం ఊరికే పుట్టింది కాదు. 2008 నవంబరులో ముంబయిపై దాడికి వచ్చిన పది మంది ఉగ్రవాదులు గుజరాత్ జాలర్ల 'కుబేర్' పడవను సముద్రంలో స్వాధీనం చేసుకుని, దాని మీదే ముంబయి తీరం దాకా వచ్చారు. ఆ తర్వాత పడవలో దొరికిన వస్తువుల్లో ఒక తురాయా ఉపగ్రహ ఫోను, చేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరం ఉన్నాయి. కరాచీ నుంచి ముంబయి దాకా దారి చూపింది మార్కెట్‌లో ఎవరైనా కొనుక్కోగల పరికరమే. ఆ తర్వాత ఉపగ్రహ పరికరం కనిపిస్తే చాలు తనిఖీ సిబ్బందికి కుబేర్ గుర్తురావడం సహజం.

అదే సముద్రంలో మరో కథ కూడా ఉంది. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ రేవు నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాన్ గస్తీ దళాలకు చిక్కారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్టకూటికి వలస వెళ్లినవారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. 'తండేల్' సినిమాతో ఈ ఘటన అందరికీ తెలిసింది. సముద్రం మీద గీత ఉండదు. రెండు దేశాల మధ్య జలసరిహద్దు సర్ క్రీక్ వివాదంతో తేలకుండానే ఉంది. పడవ నడిపే తండేలుకు ఆ గీత కనిపించేది ఒక్క చోటే, రిసీవర్ తెర మీద.

అంటే ఆ తీరంలో ఒకే పరికరం హంతకుడికి దారి చూపింది, జాలరికి హద్దు చూపాల్సిందీ అదే. పరికరాన్ని చూసి మనిషి ఉద్దేశం చెప్పలేం. సైన్యానిది, పౌరులది అని గీత గీయడం ఈ రంగంలో ఏనాడూ సాధ్యం కాలేదు. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా సైన్యానికి సైనిక జీపీఎస్ రిసీవర్లు చాలలేదు. మార్కెట్‌లో దొరికే పౌర రిసీవర్లను వేలల్లో కొని ఎడారిలోని సైనికులకు ఇచ్చారు. పౌర సంకేతంలో అమెరికా కావాలని కలిపే పొరపాటు అప్పుడు సొంత సైనికులకే అడ్డొచ్చింది. దాంతో యుద్ధం జరిగినంత కాలం దాన్ని తీసేశారు.

కార్గిల్ కథలో కాస్త సవరణ

కార్గిల్ యుద్ధంలో అమెరికా మనకు జీపీఎస్ ఇవ్వలేదు, అందుకే సొంత వ్యవస్థ కట్టుకున్నాం. ఈ మాట వినని వారుండరు. వాట్సాప్ సందేశాల్లో ఇది మరీ సరళమైపోయి, ఎవరో స్విచ్ ఆపేసినట్లుగా తయారైంది.

1999లో పౌర జీపీఎస్ సంకేతం ప్రపంచమంతటికీ అందుతూనే ఉంది, కార్గిల్ కొండల మీద కూడా. కాకపోతే పైన చెప్పిన ఉద్దేశపూర్వక పొరపాటు వల్ల చూపించే చోటు వంద మీటర్ల దాకా అటూఇటూ అయ్యేది. కచ్చితమైన సంకేతం అమెరికా సైన్యానికి, దాని మిత్రులకే. మైదానంలో వంద మీటర్లంటే పెద్ద తేడా కాదు. టైగర్ హిల్ లాంటి చోట వంద మీటర్లంటే శిఖరానికి ఈ వైపా, ఆ వైపా అన్న తేడా.

ఆ లోపమున్న సంకేతంతోనే మన వాళ్లు పని కానిచ్చారు. ఆధునిక నావిగేషన్ పరికరాలు లేని మిగ్-21 విమానాల్లో కొందరు పైలట్లు ఒడిలో జీపీఎస్ రిసీవర్, చేతిలో స్టాప్‌వాచ్ పెట్టుకుని రాత్రి పూట బాంబులు వేశారు. కార్గిల్‌లో వైమానిక దళం పాత్రపై అమెరికా విశ్లేషకుడు బెంజమిన్ లాంబెత్ 2012లో కార్నెగీ సంస్థకు రాసిన అధ్యయనంలో ఈ వివరం ఉంది. యుద్ధం ముగిసి పది నెలలు తిరగక ముందే, 2000 మే మొదట్లో, అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో ఆ పొరపాటును అందరికీ తీసేశారు. అప్పటి నుంచే కార్లలో, ఫోన్లలో జీపీఎస్ నిజంగా పనికొచ్చే వస్తువైంది.

అయితే కార్గిల్ పాఠం తప్పని కాదు. పరాయి దేశ సైన్యం నడిపే సంకేతం దాని దయ ఉన్నంత వరకే. తీసేసిన పొరపాటును మళ్లీ కలపగలిగేదీ ఆ చేయే. 2006లో ప్రభుత్వం సొంత నావిగేషన్ వ్యవస్థకు అనుమతి ఇచ్చినప్పుడు ఈ ఆలోచనే ఉంది. దాని పేరే ఇప్పుడు నావిక్. అందరికీ అందే సేవ ఒకటి, సైన్యానికి రహస్య లిపిలో వెళ్లే సేవ మరొకటి. భారత్, దాని చుట్టూ 1,500 కిలోమీటర్ల మేర పనిచేయాలి. ఈ రంగంలో తెలుగు నేలకు వాటా పెద్దదే. ప్రయోగాలన్నీ శ్రీహరికోట నుంచి. క్షిపణుల నావిగేషన్ పరికరాలు హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ నుంచి. నెల్లూరు జిల్లాకు చెందిన జి.సతీశ్ రెడ్డి అక్కడ నావిగేషన్ శాస్త్రవేత్తగా ఎదిగి డీఆర్‌డీవో అధిపతి అయ్యారు.

గడియారం ఆగితే దారి పోతుంది

ఉపగ్రహం నిజానికి దారి చెప్పదు, టైమ్ చెబుతుంది. 'నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు ఫలానా క్షణం' అని నిరంతరం ప్రసారం చేస్తుంది. ఆ మాట మన చేతిలోని రిసీవర్‌కు ఎంత ఆలస్యంగా అందిందో దాన్ని బట్టి దూరం తెలుస్తుంది. అలా కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి దూరం తెలిస్తే మనమున్న చోటు, ఎత్తు, కచ్చితమైన సమయం వస్తాయి. సెకనులో పది లక్షల వంతు తప్పితే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. అందుకే ప్రతి ఉపగ్రహంలో పరమాణు గడియారాలు పెడతారు. అవి పాడైతే ఉపగ్రహం ఆకాశంలో తిరుగుతూనే ఉంటుంది కానీ దారి చూపడానికి పనికిరాదు.

నావిక్‌కు జరిగింది ఇదే. 2013 జులై 1న మొదటి ఉపగ్రహం వెళ్లింది. 2016 ఏప్రిల్ నాటికి ఏడు పూర్తయ్యాయి. స్విట్జర్లాండ్ నుంచి తెచ్చిన రుబీడియం గడియారాలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా మొరాయించాయి. మొదటి ఉపగ్రహంలోని గడియారాలన్నీ ఆగిపోయాయి. దాని స్థానంలో 2017 ఆగస్టు 31న పంపిన ఉపగ్రహం రాకెట్ ఉష్ణకవచం విడిపోక అందులోనే చిక్కుకుంది. 2023 మేలో సొంత రుబీడియం గడియారంతో ఎన్‌వీఎస్-01 వెళ్లి కాస్త ఊపిరి పోసింది. 2025 జనవరి 29న ఎన్‌వీఎస్-02 వెళ్లింది. శ్రీహరికోట నుంచి అది వందో ప్రయోగం, దేశమంతా చప్పట్లు కొట్టింది. ఇంజిన్‌కు ఆక్సిడైజర్ అందించే కవాటాలు తెరుచుకోకపోవడంతో అది అనుకున్న కక్ష్యకు చేరలేదు. ఆ వార్త అంత ప్రచారానికి నోచుకోలేదు.

2025 జులైలో పార్లమెంటుకు ప్రభుత్వం ఇచ్చిన లెక్క ఇది: పంపినవి 11. దారి చూపుతున్నవి నాలుగు. మరో నాలుగు ఒక వైపు సందేశాలు ప్రసారం చేయడానికే పనికొస్తున్నాయి. ఒకటి విశ్రాంతి తీసుకుంది. రెండు కక్ష్యకు చేరనేలేదు.

నాలుగు అనేది కనీస సంఖ్య. అందులో ఒకటి ఆగినా మిగతా మూడు కలిసి ఎవరికీ సొంతంగా దారి చెప్పలేవు. ఆ నాలుగింటిలో 1బీ 2014 ఏప్రిల్‌లో వెళ్లింది, దానికి వేసుకున్న ఆయుష్షు పదేళ్లు. 2025 ముగిసేలోపు ఎన్‌వీఎస్-03 పంపుతామని ప్రభుత్వం చెప్పింది. ఆ ఏడాది అది వెళ్లలేదు. ఇదే కాలంలో చైనా 2020లో తన బైదూ వ్యవస్థను ప్రపంచమంతటికీ విస్తరించింది, పాకిస్థాన్ దాన్ని వాడుకుంటోంది. మరోవైపు ఫోన్లలో నావిక్ తప్పనిసరి చేయాలని 2022లో మన ప్రభుత్వం కంపెనీలపై ఒత్తిడి తెచ్చింది. ఫోన్లో చిప్ ఉండాలని పట్టుబట్టడం, ఆకాశంలో ఉపగ్రహాన్ని నిలబెట్టడం.. రెండింటిలో ఏది ముందో చెప్పడానికి రాకెట్ శాస్త్రం అక్కర్లేదు.

సెంటు భూమి, చేపల వల

ఇదంతా ఢిల్లీ పెద్దల వ్యవహారం అనిపించవచ్చు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో లక్షల మంది రైతుల పొలం గట్లు ఇప్పుడు ఈ సంకేతం మీదే ఆధారపడ్డాయి. 2020 డిసెంబరు 21న కృష్ణా జిల్లా తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వేలో గొలుసు, కొలబద్దల స్థానంలో రోవర్ వచ్చింది. కర్ర మీద బిగించిన ఈ రిసీవర్‌ను గట్టు మూల మీద నిలబెట్టి కొలత తీసుకుంటారు. రాష్ట్రంలో 70 చోట్ల శాశ్వత బేస్ స్టేషన్లు పెట్టి, వాటి నుంచి వచ్చే సవరణలతో తేడాను కొన్ని సెంటీమీటర్లకు తగ్గించారు.

తేడా ఎంత అన్నది రైతుకు చిన్న విషయం కాదు. చతురస్రంగా ఉన్న ఒక ఎకరం పొలం ఒక్కో వైపు సుమారు 63.6 మీటర్లుంటుంది. ఒక హద్దు పది సెంటీమీటర్లు జరిగితే పోయేది సెంటులో ఆరో వంతు. మామూలు ఫోన్ జీపీఎస్ లాగా అయిదు మీటర్లు జరిగితే దాదాపు ఎనిమిది సెంట్లు. ఊళ్లో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేయడానికి అందులో సగం చాలు. 2024లో ప్రభుత్వం మారాక రీసర్వేపై వచ్చిన ఫిర్యాదులు వినడానికి గ్రామసభలు పెట్టారు. ఫిర్యాదులన్నీ రోవర్ తప్పులు కావు. పాత రికార్డులో ఉన్న విస్తీర్ణానికి, నేల మీద ఉన్నదానికి మొదటి నుంచీ పొంతన లేని చోట్లు ఎన్నో. ఎలాగైనా, రోవర్ అంకె మీద రైతుకు నమ్మకం కుదరాలంటే, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరో ఒకరు విప్పి చెప్పాలి.

ఇక తీరంలో. 2017 నవంబరు చివర్లో ఓఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు జాలర్లు చాలామంది హెచ్చరిక అందకముందే నడిసముద్రంలో ఉన్నారు. తీరం నుంచి 10, 12 కిలోమీటర్లు దాటితే మొబైల్ ఫోను మూగబోతుంది. ఆ అనుభవం తర్వాత హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి 'జెమిని' పరికరాన్ని తెచ్చాయి. 2019 అక్టోబరులో విడుదలైంది. విమానాల కోసం కట్టిన గగన్ వ్యవస్థ ఉపగ్రహాల నుంచి తుపాను హెచ్చరికలను, చేపలు దొరికే చోట్ల సమాచారాన్ని అందుకుని బ్లూటూత్ ద్వారా జాలరి ఫోన్‌కు పంపుతుంది. లోపం ఒకటే. జాలరి వినగలడు, 'మునిగిపోతున్నాం' అని తిరిగి చెప్పలేడు. ఆ తర్వాత లక్ష పడవలకు రెండు వైపులా సందేశం పంపే ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకాన్ని 2024 ఆగస్టులో ప్రధాని పాల్ఘర్‌లో ప్రారంభించారు.

ఇక్కడ ప్రభుత్వమే ఉపగ్రహంతో మాట్లాడే పరికరాన్ని పౌరుడి చేతికి ఇస్తోంది. నమోదు చేసి, ఎవరి దగ్గర ఏది ఉందో రాసుకుని ఇస్తోంది. సముద్రంలో సాధ్యమైనది హిమాలయాల్లో ఎందుకు కాదు? ఆపదలో ఉపగ్రహ సందేశం పంపే సౌకర్యం ఉన్న ఐఫోన్లు చాలా దేశాల్లో ట్రెక్కర్ల ప్రాణాలు కాపాడుతున్నాయి. భారత్‌లో ఆ సౌకర్యం లేదు. మంచులో దారి తప్పిన తెలుగు కుర్రాడికైనా, స్కాట్లాండ్ యాత్రికురాలికైనా అవసరం ఒకటే.

నకిలీ గొంతు

మళ్లీ నవంబరు నాటి ఢిల్లీకి వద్దాం. జీపీఎస్ ఉపగ్రహం 20 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. దాని ప్రసార శక్తి ఒక వీధి దీపం పాటిది. నేలకు చేరేసరికి అది వినీవినపడని గుసగుస. పక్కన ఎవరైనా మైకు పెట్టి హోరెత్తిస్తే రిసీవర్‌కు ఏమీ వినపడదు. దాన్ని జామింగ్ అంటారు. అది అంత ప్రమాదం కాదు, వినపడటం లేదని పైలట్‌కు తెలుస్తుంది. స్పూఫింగ్ వేరు. వార్తలు చదివే వ్యక్తి గొంతును అచ్చంగా అనుకరిస్తూ తప్పుడు వార్త చదవడం లాంటిది. రిసీవర్ నమ్మేస్తుంది.

సరిహద్దుల్లో ఇది కొత్త కాదు. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి మధ్య 465 ఘటనలు నమోదయ్యాయని, ఎక్కువ భాగం అమృత్‌సర్, జమ్మూ ప్రాంతాల్లోనేనని ప్రభుత్వం లోక్‌సభకు చెప్పింది. డ్రోన్లను దారి తప్పించడానికి రెండు వైపులా సైన్యాలు వాడే విద్య ఇది. అది రాజధాని గగనతలం దాకా రావడమే కొత్త. విమానాల విషయంలో ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఇలాంటి ఘటనలను పది నిమిషాల్లో తెలపాలని డీజీసీఏ నవంబరులో ఆదేశించింది. ఉపగ్రహాలతో సంబంధం లేని నేల మీది నావిగేషన్ పరికరాలను కనీస స్థాయిలో కొనసాగిస్తున్నారు. ఆ పాత పరికరాలే ఢిల్లీలో విమానాలను కాపాడాయి. నకిలీ సంకేతం ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టే పని వైర్‌లెస్ పర్యవేక్షణ సంస్థకు అప్పగించారు. డిసెంబరు 1 నాటి సమాధానంలో మాత్రం ఆ మూలం ఎవరో లేదు. జీపీఎస్‌ను అడ్డుకునే పరికరాలను అనుమతి లేకుండా వాడటం, అమ్మడం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022లోనే హెచ్చరించింది. ఇంత పెద్ద ఎత్తున సంకేతాన్ని నకిలీ చేసిన వారి మీద కేసు పెట్టారా అన్న ప్రశ్న పార్లమెంటులో మళ్లీ అడగాల్సిందే.

విమానానికి పైలట్ ఉన్నాడు, నేల మీద పాత పరికరాలున్నాయి. జాలరి చేతిలోని రిసీవర్‌కు, సర్వేయర్ రోవర్‌కు అలాంటి రెండో దారి లేదు. సంకేతం అసలుదా నకిలీదా అని రిసీవరే పోల్చుకునే ఏర్పాటు ప్రపంచంలో లేకపోలేదు. యూరప్ తన గెలీలియో వ్యవస్థ పౌర సంకేతానికి డిజిటల్ సంతకం జోడించింది. 2025 జులై 24న దాన్ని పూర్తి స్థాయిలో అందుబాటులోకి తెచ్చింది. రిసీవర్ ఆ సంతకాన్ని సరిచూసుకుని, సరిపోకపోతే నమ్మదు. మన జాలర్లకు ఇచ్చే పరికరాల్లో, సర్వే శాఖలు కొనే రోవర్లలో దీన్ని చదవగల చిప్ ఉండాలని టెండరులో ఒక వాక్యం రాస్తే చాలు. దానికి కొత్త ఉపగ్రహం అక్కర్లేదు. మిగతా భారం నావిక్‌ది. ఎన్‌వీఎస్-03 తర్వాత ఆరేసి నెలల తేడాతో 04, 05 పంపుతామని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఆ లెక్క ఎన్‌వీఎస్-03 కక్ష్యకు చేరిన రోజు నుంచి మొదలవుతుంది.